విచారణల పుస్తకమే దళారీ పెట్టుబడి

గూడూరు (మహబూబాబాద్ జిల్లా): ఇళ్ల స్థలాల బేరం ఇప్పుడు సెల్‌ఫోనులోనే మొదలవుతున్నది. ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి ఫోను నంబరు ఇచ్చేవారు ఎక్కువ. ఆ వారంలోనే బయానా ఇచ్చేవారు తక్కువ. రెండుమూడు సార్లు పలకరించి, 'ఉత్త విచారణ' అని పేరు కొట్టివేయడం దళారీలలో పరిపాటి. అది నష్టదాయకం.

పత్తి, మిర్చి వర్తకులకు ఈ సంగతి కొత్త కాదు. నారు పోసిన నాడే బస్తాలు తెమ్మనే అడ్తిదారు ఉండడు. వానాకాలంలో రైతుతో పరిచయం నిలుపుకున్న వారి అడ్తికే మాఘ ఫాల్గుణాలలో సరుకు వస్తుంది. స్థలాల బేరమూ అంతే. ఈ ప్రాంతంలో పత్తి సొమ్ము అక్టోబరు నుంచి జనవరి వరకు, మిర్చి సొమ్ము ఫిబ్రవరి నుంచి మే వరకు రైతుల చేతికి అందుతుంది. జూలైలో ధర అడిగిన రైతుకు జూలైలోనే పదిసార్లు ఫోను చేయడం వృథా. కేసముద్రం, ఏనుమాముల మార్కెట్లకు సరుకు రాబడి పెరిగినపుడు ఒక్క మాట చాలు.

ఇందుకు పుస్తకం అవసరం. ప్రతి విచారణకు ఒక పద్దు ఉండాలి: అడిగిన తేదీ, కోరిన చోటు, ఎన్ని గజాలు, సొమ్ము సమకూడే కాలం, తిరిగి మాట్లాడవలసిన తేదీ. మొదటి ఫోను ఆ రోజే చేయాలి. తరువాత వారానికి, నెలకు, ఆపైన మూడు నెలలకొకసారి చేస్తే సరిపోతుంది. చేసినపుడల్లా చెప్పడానికి పనికివచ్చే కబురు ఉండాలి. 'కొంటారా?' అన్నది కబురు కాదు.

2020 ఇందుకు నిదర్శనం. ఆ ఏడు సెప్టెంబరు 8 నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. సాగు భూములవి ధరణి ద్వారా నవంబరు 2న, ఇళ్లు, స్థలాలవి డిసెంబరు 14న తిరిగి మొదలైనవి. పుస్తకం ఉన్న దళారీకి ఆ ఉదయం ఎవరికి ఫోను చేయాలో తెలుసు. లేనివారు మళ్లీ ప్రకటనలతో మొదలుపెట్టవలసిందే. 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైనపుడూ అటువంటి కబురే దొరికింది.

అన్నిటికంటే ముఖ్యం నిజం చెప్పడం. ఈ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాలున్నాయి. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. ధర చౌక అని హైదరాబాదు నుంచి అడిగే గిరిజనేతరునికి ఆ మాట మొదటి ఫోనులోనే చెప్పాలి. ఆనాటికి బేరం పోయినా, ఏడాది తరువాత మరో స్థలానికి ఆయన నమ్మి పిలిచేది ఆ దళారీనే. దాచి బయానా ఇప్పిస్తే కొన్నవారి సొమ్ము చిక్కులో పడుతుంది, దళారీ పేరు పోతుంది. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే వెంచరులో ప్లాట్లు అమ్మించే దళారీ తానూ నమోదు కావాలన్నది మరువరాదు.

వద్దన్నవారికి తిరిగి ఫోను చేయరాదు. వారు 1909కు ఫిర్యాదు చేయవచ్చు. పద్దులో 'వద్దన్నారు' అని రాసుకుని ఊరుకోవాలి. మిగిలిన పేర్లను మాత్రం బేరం కుదిరే వరకు, లేదా వారే కాదనే వరకు, కొట్టివేయరాదు.