మీరేం పని చేస్తారని అడిగే కంటి డాక్టర్

శుక్లానికి ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పగానే మనలో చాలామంది అడిగే మొదటి మాట "ఎంతవుతుంది?" అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు ఒకటి గమనించండి. పరీక్ష చేస్తున్నప్పుడు ఆ డాక్టర్ మీరేం పని చేస్తారని అడిగారా? రాత్రిళ్లు బండి తోలతారా, పగలంతా కుట్టుమిషన్ మీద ఉంటారా, కంప్యూటర్ ముందు కూర్చుంటారా? ఇవేవీ అడగకుండా కంట్లో పెట్టే లెన్స్ ఖాయం చేసేస్తే, నేనైతే ఆ రోజు అడ్వాన్స్ కట్టను.

ఎందుకంటే లెన్స్ ఎంపిక మీ పనిని బట్టే ఉండాలి. మోనోఫోకల్ లెన్స్ ఒక్క దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. మామూలుగా దాన్ని దూరపు చూపుకి పెట్టి, చదవడానికి కళ్లజోడు రాస్తారు. మల్టీఫోకల్, ట్రైఫోకల్ వేయించుకుంటే జోడు అవసరం బాగా తగ్గుతుంది, ఖర్చు మాత్రం చాలా పెరుగుతుంది. కౌన్సెలింగ్ గదిలో ఇంతవరకూ వివరంగానే చెబుతారు. వినిపించనిది దీని తర్వాతి సంగతి. ఈ లెన్సులు లోపలికొచ్చే వెలుతురును రెండు మూడు దూరాలకు పంచుతాయి. అందువల్ల మసక వెలుగులో చూపు కొంత పలచబడొచ్చు, రాత్రి ఎదురొచ్చే హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతుంది. కానీ హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద రాత్రంతా లారీ నడిపే డ్రైవర్‌కి ఆ వలయాలతో బతుకుతెరువే ఇబ్బందిలో పడొచ్చు. ఆయనకు తక్కువ ధర మోనోఫోకలే మంచి వైద్యం.

మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడకు మొదట చూపించుకున్న చోట ఖరీదైన లెన్సే రాశారు. రెండో చోట డాక్టర్ ఆవిడ చేతికి సూదీ దారం ఇచ్చి, "రోజూ ఎలా ఎక్కిస్తారో అలా పట్టుకోండమ్మా" అన్నారు. సూదికీ కంటికీ మధ్య దూరం స్కేలుతో కొలిచారు. మోనోఫోకల్ లెన్సునే ఆ దూరానికి సరిపడే పవర్‌తో పెట్టారు. ఇప్పుడావిడ జోడు లేకుండా కుడతారు, బస్టాండుకి వెళ్లేటప్పుడు పెట్టుకుంటారు. ఆ స్కేలు తీసిన డాక్టర్ లాంటివాళ్ల కోసమే మనం వెతకాలి.

ఎక్కువ డబ్బు పెట్టడం సబబైన సందర్భాలూ ఉన్నాయి. సిలిండర్ పవర్ బాగా ఉన్నవారికి టోరిక్ లెన్స్ నిజంగా ఉపయోగపడుతుంది. 'బ్లేడు లేని లేజర్ ఆపరేషన్' అంటూ చెప్పే ఫెమ్టో పద్ధతి విషయంలో మాత్రం తొందరపడకండి. ఫ్రాన్స్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. శుక్లానికి మామూలుగా చేసే ఫేకో ఆపరేషన్ కంటే ఫెమ్టోతో మెరుగైన ఫలితమేమీ కనబడలేదు.

ఇక అసలు ఆపరేషన్ ఇప్పుడే కావాలా? "మూడు నెలలు ఆగితే ఏమవుతుంది?" అని సూటిగా అడగండి. శుక్లం సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. మీ పనికి అడ్డొస్తోందా లేదా అన్నదే ముఖ్యం. బాగా ముదరనిస్తే కంటి లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఏళ్ల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు. మందుచుక్కలతో శుక్లం కరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆపరేషన్‌కి ముందు చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా పరీక్షించారా? రెటీనా దెబ్బతిని ఉంటే ఎంత మంచి లెన్స్ పెట్టినా అనుకున్నంత చూపు రాదు. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బైక్ మీద వెళ్లొద్దు.

కళ్లజోళ్ల షాపులో చేసే పవర్ చెకప్‌ను కంటి వైద్యం అనుకోవద్దు. నీటికాసులు మొదట్లో ఏ బాధా లేకుండా చూపును తినేస్తాయి, వాటిని పట్టుకోవాలంటే డాక్టర్ చూడాలి. డాక్టర్ పేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు మొదటి చోటి రిపోర్టులు అడిగి తీసుకోండి, మళ్లీ అవే పరీక్షలకు డబ్బు పోదు. ఇవ్వడానికి నసిగే చోట నాకు నమ్మకం కుదరదు. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి లాంటివి డబ్బు కట్టలేనివారికీ చికిత్స చేస్తాయి.

ఎస్టిమేట్ కాగితం మీద లెన్స్ కంపెనీ, మోడల్ రాయమనండి. మందులు, తర్వాతి చెకప్‌లు ప్యాకేజీలో ఉన్నాయా అని అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే, చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల వెయిటింగ్, పైగా ఒక పరిమితి ఉంటాయి. ముందే ఇన్సూరెన్స్ కంపెనీని, ఆఫీసు పాలసీ అయితే హెచ్.ఆర్.ని కనుక్కోండి. లేసిక్ చేయించుకుందామనుకునే కుర్రాళ్లకు ఒక మాట: పవర్ 7.5 కంటే తక్కువైతే సాధారణంగా క్లెయిమ్ రాదు. ఇక రోజుకూలీ మీద బతికేవాళ్లు, దుమ్ములో పనిచేసేవాళ్లు ఎన్ని రోజులు పని మానాలో ముందే అడిగి, పోయే కూలీని కూడా ఖర్చులో కలుపుకోవాలి. ఆపరేషన్ అయ్యాక లెన్స్ స్టిక్కర్ డిశ్చార్జ్ కాగితానికి అంటించి ఉందో లేదో చూసి దాచుకోండి.

ధరలు పోల్చడం, రెండో అభిప్రాయం ఇవన్నీ తీరిక ఉన్న జబ్బులకే. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు మెరిసినా, నల్ల చుక్కలు గుంపుగా తేలినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు చూపు మూసుకుపోతున్నా అది రెటీనా ఊడుతున్న లక్షణం కావొచ్చు. విపరీతమైన నొప్పితో కన్ను ఎర్రబడి చూపు తగ్గినా అంతే అత్యవసరం. సెలవు దొరకలేదని ఆగకుండా, రెటీనా డాక్టర్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ఆ రోజే వెళ్లండి, ఎవరినైనా తోడు తీసుకుని.