మిరప ఆకును చూచి తెగులు చెప్పు యంత్రము



ఖమ్మము జిల్లా మిరప రైతులలో పలువురు ‘సాగు బాగు’ పథకమును ఎరుగుదురు. తెలంగాణ ప్రభుత్వము, ప్రపంచ ఆర్థిక వేదిక మొదలగువారు కలిసి నడిపిన ఈ పథకమున 7,000 మంది మిరప రైతులు చేరిరి. ఎకరమునకు దిగుబడి 21 శాతము హెచ్చినదనియు, పురుగుమందుల వాడకము 9 శాతము, ఎరువుల వాడకము 5 శాతము తగ్గినవనియు నడిపినవారు 2023లో ప్రకటించిరి. ఇందు భూసార పరీక్షయు, కాయ నాణ్యత పరీక్షయు, సకాలమున సలహాయు గలవు. కృత్రిమ మేధ యను యంత్రవిద్య వీనికి తోడైనది. ఆ విద్య పనిచేయు తీరు తెలిసిననే గాని దాని మాటను ఎంతవరకు నమ్మవలెనో తెలియదు.

కల్లములో పిల్లవానికి తాలుకాయ ఏరుట ఎట్లు నేర్పుదుము? తల్లి ప్రక్కన కూర్చుండి “ఇది తాలు, ఇది మంచికాయ” అని చూపును. వాడు తప్పు తీసినచో దిద్దును. నాలుగు రాశులు ఏరునప్పటికి వాని చేతికి పని పట్టుబడును. ఎట్లు తెలిసినదని అడిగిన వాడు చెప్పలేడు.

యంత్రమునకు నేర్పుటయు ఇట్టిదే. తెగులు పేరు వ్రాసిన ఆకుల ఫొటోలను వేలకొలది దానికి చూపుదురు. యంత్రమునకు ఫొటో యనగా సన్నని గళ్ళు. ఒక్కొక్క గడి రంగునకు కొన్ని అంకెలు. ఆ అంకెలను తనలోని అంకెలతో హెచ్చించి, కూడి, “ఇది ఫలానా తెగులు” అని అంచనా చెప్పును. అంచనా తప్పినచో లోపలి అంకెలు రవంత సవరింపబడును. ఇట్లు మరల మరల జరుగగా తప్పులు తగ్గును. నేర్చుట యనగా ఆ అంకెలు కుదురుటయే.

కావున యంత్రము తాను చూచినవానితోనే పోల్చును. 2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటలపై బడి పూత రాల్చినది. అంతకు పూర్వపు ఫొటోలతోనే నేర్చిన యంత్రమునకు ఆ పూవును చూపినచో, అది తానెరిగిన పాత పేర్లలో ఒకటి చెప్పుటకే అవకాశ మెక్కువ.

మొన్న అడవి అంచు పల్లెలో ఒక రైతు ఫోనులో “పై ముడత” అని వచ్చినదని తామర పురుగు మందు కొనబోవుచుండెను. మేము తోటకు పోయి చూడగా ఆకులు క్రిందికి ముడిచి యున్నవి. భూతద్దముతో ఆకు అడుగున చూడగా నల్లి కనబడినది. ఫొటో మసకగా నుండెను. తామర పురుగు మందులన్నియు నల్లిని చంపవు. ఆ మందు కొనియుండిన యెడల డబ్బును పోయెడిది, తోటయు చెడెడిది.

మాటలతో బదులిచ్చు యంత్రముల సంగతియు ఇదే. అవి అపారమైన వ్రాతలనుండి, ఒక మాట పిదప ఏ మాట వచ్చునో అంచనా కట్టుట నేర్చినవి. అందుచే తప్పు చెప్పునప్పుడును తడబడవు. భద్రాచలము మన్యమున కోయ భాషలో వ్రాతలు స్వల్పము. ఆ భాషలో అడిగినవారు మరింత జాగ్రత్తగా నుండవలెను.

సభ్యులు పాటింపవలసినవి:

1. మంచి వెలుతురున ఆకు పైవైపు, అడుగువైపు, పూత వేరువేరుగా ఫొటో తీయవలెను.

2. తోటలో నాలుగైదు చోట్ల తీసి చూపవలెను. బదులు మారుచుండిన యెడల నమ్మరాదు.

3. మందు కొనుటకు ముందు వ్యవసాయాధికారిని గాని, వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని అడుగవలెను. మోతాదును డబ్బాపై చీటీతో సరిచూడవలెను.

4. యంత్రము పొరబడినచో దానిని నడుపువారికి తెలుపవలెను.

ఈ నాలుగవది చిన్న పని యని తలపరాదు. మన తోటల ఆకులు సరియైన పేరుతో ఆ రాశిలో చేరిననే, రేపు అడవి అంచు రైతునకు అది చెప్పు మాట నిలుచును.