మసక వెలుతురులో గురి: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాను. ఈ నవంబరులో మొదటిసారి వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్తున్నాను. జింకలు పొద్దుగూకాకే బయటికొస్తాయి కాబట్టి 56 మి.మీ. అద్దమున్న స్కోపు తప్పదని మిత్రులంటున్నారు. నా దగ్గర 3-9×40 (పవర్ 3 నుంచి 9 దాకా, ముందు అద్దం 40 మి.మీ.) ఉంది. మార్చాలా అన్నా?

సమాధానం: మార్చనక్కర్లేదు తమ్ముడూ. స్కోపు సంగతి తర్వాత, ముందు గడియారం చూసుకో. టెక్సస్‌లో జింకను కాల్చడానికి చట్టం ఇచ్చిన వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. నవంబరులో మీ వైపు పొద్దు కుంకాక సూర్యుడు 6 డిగ్రీలు కిందికి దిగడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. అందాకా బయలు ప్రదేశంలో చెట్టూ చేమా విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి. అంటే చట్టం ఇచ్చిన గడువు, పనికొచ్చే వెలుతురు ఇంచుమించు ఒకేసారి అయిపోతాయి. ఆ అరగంటకు నీ 40 మి.మీ. అద్దం చాలు, దాని పూత మంచిదైతే.

ఎందుకు చాలో ఇంట్లోనే చూసుకోవచ్చు. స్కోపును రైఫిల్ మీద నుంచి విప్పి, చేయి చాపినంత దూరంలో పట్టుకుని, వెలుతురున్న గోడ వైపు తిప్పు. కంటివైపు అద్దంలో చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే ఆ బిళ్ల సైజు వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ., 6తో భాగిస్తే 6.7 మి.మీ. కుర్రవాడి కంటిపాప బాగా చీకటి పడ్డాక 7 మి.మీ. దాకా విచ్చుకోవచ్చు. సంధ్యవేళ అంత విచ్చుకోదు. కాబట్టి చీకటి ముసురుతున్నప్పుడు పవర్ 9 మీద వదిలేయకుండా 6కో 7కో తగ్గించు. బొమ్మ కాస్త చిన్నదవుతుంది, కానీ తేటపడుతుంది. కొత్త స్కోపు కొనేముందు ఈ ఒక్క పని చేసి చూడు.

పూత సంగతి చెప్పాలి. పూత లేని గాజు తలం ఒక్కొక్కటి తన మీద పడ్డ వెలుగులో నూటికి 4 వంతులు వెనక్కి కొట్టేస్తుంది. పది తలాలు దాటేసరికి మూడోవంతు పోతుంది. 1935లో జర్మనీలో జీస్ కంపెనీ శాస్త్రవేత్త ఒలెక్సాండర్ స్మకులా ఆ నష్టాన్ని తగ్గించే పలుచని పూతను కనిపెట్టాడు. ఈనాటి మంచి స్కోపులు అలాంటి పూతలు పొరలు పొరలుగా వేసుకుని నూటికి 90 వంతులకు పైగా వెలుగు కంటికి చేరుస్తాయి. పూత సరిగా లేని 56 కంటే పూత బాగున్న 40 మేలు.

ప్రశ్న: మ్యూనిక్ దగ్గర పనిచేస్తున్నాను. వేట పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నాను. వెన్నెల రాత్రుల్లో ఎత్తు మంచె మీద కూర్చుని అడవి పందుల కోసం కాస్తాం. ఇక్కడివాళ్లందరూ 8×56, నాలుగో నంబరు రెటికిల్ అంటారు. ఇది పాత అలవాటా, నిజంగా పనికొస్తుందా?

సమాధానం: నిజంగా పనికొస్తుంది. పై సమాధానం మీకు వర్తించదు. జర్మనీ చట్టం ప్రకారం రాత్రి అంటే సూర్యాస్తమయమైన గంటన్నరకు మొదలై సూర్యోదయానికి గంటన్నర ముందు ముగుస్తుంది. ఆ వేళలో జింకజాతి జంతువుల్ని కాల్చకూడదు, అడవి పందికి మాత్రం ఆ నిషేధం లేదు. టెక్సస్ జింకకు అరగంట, మీ పందికి రాత్రంతా. 8×56 పుట్టిందే ఈ పని కోసం. 56ని 8తో భాగిస్తే 7 మి.మీ., పూర్తిగా విచ్చుకున్న కంటిపాపకు సరిగ్గా సరిపోయే బిళ్ల.

ఇక రెటికిల్, అంటే స్కోపు లోపలి గురి గీతలు. నా అనుభవంలో మసక చీకట్లో ముందుగా మాయమయ్యేది జంతువు కాదు, మన గురి గీత. నా మొదటి సీజన్లో వెంట్రుకంత సన్నని గీతలున్న స్కోపు పెట్టుకుని వెళ్లాను. ఓక్ చెట్టు నీడలో మగజింక నిలబడింది. ఒళ్లు కనిపిస్తోంది, కొమ్ములు కనిపిస్తున్నాయి, గీతలు మాత్రం నీడలో కలిసిపోయాయి. అటూ ఇటూ కదిపి ఆకాశం మీద గీత దొరకబుచ్చుకుని, కిందికి దించేసరికి మళ్లీ లేదు. రైఫిల్ దించేశాను. ఆ జింక తీరిగ్గా మేసి వెళ్లిపోయింది. ఆ వారమే స్కోపు మార్చాను.

నాలుగో నంబరులో ఎడమ, కుడి, కింద మూడు లావు కడ్డీలు, నడుమ సన్నని శిలువ గీత ఉంటాయి. పై భాగం ఖాళీ. చీకట్లో సన్నగీత పోయినా మూడు కడ్డీలు నల్లగా నిలబడతాయి, వాటి మధ్య బిందువును కన్ను తనంతట తానే పట్టుకుంటుంది. ఒకటో నంబరు ఇంతకంటే పాతది. అందులో నిలువు కడ్డీ మొనే గురి. చీకట్లో దిట్టంగా కనిపిస్తుంది కానీ జంతువు కింది సగాన్ని కప్పేస్తుంది. అమెరికాలో 1962లో లూపోల్డ్ తెచ్చిన డూప్లెక్స్‌లో కడ్డీలు నాలుగు వైపులా ఉంటాయి, ఆలోచన దాదాపు ఇదే. కొన్ని మోడళ్లలో కడ్డీలు కేంద్రానికి దూరంగా ఆగిపోతాయి, నడుమ ఖాళీ ఎక్కువై మసకలో గురి తేలిపోతుంది. కొనేటప్పుడు ఆ ఖాళీ చూడండి. దూరపు టార్గెట్ల కోసం చేసిన చుక్కలు, నిచ్చెనల రెటికిళ్లు మీ మంచె మీద ఎందుకూ కొరగావు.

8×56లో పవర్ మారదు కాబట్టి బాధ లేదు. పవర్ మారే స్కోపు కొంటే రెటికిల్ ఎక్కడ అమర్చారో అడగండి. మొదటి ఫోకల్ ప్లేన్‌లో ఉంటే పవర్ పెంచేకొద్దీ గీత లావవుతుంది. చీకట్లో అది మంచిదే, కానీ పగలు దట్టమైన పొదల్లో పవర్ తగ్గిస్తే సన్నబడి పోతుంది. రెండో దానిలో గీత ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. నడుమ వెలిగే చుక్క ఉన్నదైతే నేను రెండోదే తీసుకుంటాను.

ప్రశ్న: 30 మి.మీ. గొట్టమున్న స్కోపు అంగుళం గొట్టం కంటే ఎక్కువ వెలుగు ఇస్తుందా?

సమాధానం: ఇవ్వదు. గొట్టం లావైతే గురి సర్దుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది. ముందు అద్దం, పవర్, పూత ఒకటే అయితే వెలుగూ ఒకటే.

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర స్నేహితుడి పొలంలో రాత్రిపూట అడవి పందుల వేట. నా స్కోపులో ఎర్రచుక్క వెలిగిస్తే పంది కనిపించడం లేదు, ఆర్పితే గీత కనిపించడం లేదు. ఏం చేయాలి?

సమాధానం: మీ చుక్క పగటికి తగినంత వెలుగుతోంది. చీకట్లో కంటి వెనక పనిచేసే రాడ్ కణాలకు ఎరుపు దాదాపు తెలియదు, అందుకే చుక్కను ఎర్రగా చేస్తారు. కానీ ఆ ఎరుపు మరీ ఎక్కువైతే గొట్టం లోపల మసక పొరలా కమ్ముకుంటుంది, కన్ను దానికే అలవాటు పడుతుంది. కనీకనిపించనంత తక్కువకు దిగే మీట ఉన్న స్కోపు కావాలి. చీకటి గదిలో అన్నిటికంటే తక్కువ మెట్టు మీద వెలిగించి చూడండి. గొట్టం అంచుల్లో ఎర్రటి పొర కనిపిస్తే ఆ స్కోపు రాత్రికి పనికిరాదు. మరొకటి, పందుల కోసం కాస్తున్నప్పుడు సెల్‌ఫోన్ చూడకండి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఫోన్ తెర ఒక్క క్షణంలో దాన్ని పోగొడుతుంది.

ఇంకో మాట, ఇది బతిమాలుతూ రాస్తున్నాను. చీకట్లో కదిలిందేమిటో తెలుసుకోవడానికి స్కోపు వాడకండి. స్కోపులో చూస్తున్నారంటే దాని వైపే తుపాకీ గొట్టం గురిపెట్టినట్టు. అది దూడ కావచ్చు, మీ స్నేహితుడే కావచ్చు. 7×50 బైనాక్యులర్స్ మెడలో వేసుకోండి. వాటిలో పంది అని తేలాక, దాని వెనక ఏముందో తెలిశాకే రైఫిల్ ఎత్తండి.

ప్రశ్న: న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్నాను, వయసు 61. మునుపటిలా సాయంత్రం కనబడటం లేదు. ఎంత ఖరీదైన స్కోపు కొంటే బాగుపడుతుంది?

సమాధానం: మీరు పెద్దవారు, దాచకుండా చెప్తాను. ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. శుక్లాలు మొదలైనా, రేచీకటి ఉన్నా ఏ అద్దమూ సరిచేయలేదు. కళ్లు బాగానే ఉన్నా వయసుతో కంటిపాప పూర్తిగా విచ్చుకోవడం మానేస్తుంది. అది 5 మి.మీ. దగ్గర ఆగిపోతే 8×56 ఇచ్చే 7 మి.మీ. బిళ్లలో 5 మాత్రమే లోపలికి పోతుంది. 56 మి.మీ. అద్దానికి డబ్బు కట్టి 40 మి.మీ. వాడుకున్నట్టు లెక్క. 8×42 లాంటిది తేలిక, చవక, రైఫిల్ మీద కిందికి అమరుతుంది, చెంప ఆనించడం సులువు. అన్నట్టు, మసకలో చాలామందికి దూరపు చూపు కాస్త తగ్గుతుంది. కంటివైపు ఫోకస్ రింగును పగలు ఒకసారి, సంధ్యవేళ ఒకసారి సర్దుకోండి. రంగుటద్దాల కళ్లజోడు తీసేయండి.

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మక్కచేనును అడవి పందులు తొక్కి పాడు చేస్తున్నాయి. నాకు పంట రక్షణకు తుపాకీ లైసెన్సు ఉంది. రాత్రి కాపలాకు ఏ స్కోపు మంచిది?

సమాధానం: ఏదీ కొనకండి. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటను పాడుచేసే జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపవచ్చు. ఆ కాగితం చేతిలో లేకుండా కాలిస్తే కేసవుతుంది. ముందు చేను ఫొటోలు తీసి, సర్వే నంబరుతో మీ ఫారెస్ట్ రేంజి ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, పంట నష్టం పరిహారానికీ అక్కడే అడగండి. ఈలోగా ఎవరెంత చెప్పినా చేను చుట్టూ కరెంటు తీగలు మాత్రం పెట్టకండి. పందికని పెట్టిన తీగ తగిలి రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన రైతులే చనిపోయారు.