బడిలో ఎరువుగుంట

చెత్తను గూర్చిన పాఠము పిల్లలకు పుస్తకము చూచి చెప్పిన నిలువదు. బడి యావరణములో త్రవ్విన గుంటయొద్ద చెప్పవలెనని మా యభిప్రాయము. మూడడుగుల చదరము, రెండడుగుల లోతు చాలును. ఎండుటాకులు, మధ్యాహ్న భోజనపు కూరగాయల తొక్కులు, పేడనీళ్లు, పిడికెడు బూడిద పొరలుపొరలుగా పరపించి, పైని పలుచగా మట్టి కప్పింపవలెను. తడి, పిండిన గుడ్డలో నుండునంతయే యుండవలెను. నీరు నిలిచినచో గాలి చొరక కంపు కొట్టును. ఎండినచో సూక్ష్మజీవులు పనిచేయవు. కొన్నినాళ్లకు గుంటలో గ్రుచ్చిన యినుపకడ్డీని తీసి పట్టుకొనిన వెచ్చగా నుండును. పిల్లలకిది గారడి, బడి యెగవేయువాడు సైతము ఆనాడు వచ్చును!

ఆల్బర్టు హోవార్డు దొర 1924 మొదలు 1931 వరకు ఇండోర్ క్షేత్రమున నుండి, యిట్టి చెత్తను మూడుమారులు త్రిప్పించి మూడు మాసములలో ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను.

గుంటలో నొకమూల ప్లాస్టిక్ సంచి నొకదానిని పాతిపెట్టింపవలెను. త్రవ్వి చూచునాటికి ఆకు మన్నగును, సంచి సంచిగానే యుండును. అట్టి సంచులే మన పెంటదిబ్బలనుండి దుక్కిలో చేరుచున్నవి. పశువు మేసిన కడుపులో నిలిచిపోవును. ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములైనను పెండ్లిపందిళ్లలో నింకను కనబడుచునే యున్నవి.

సభ్యులు వారమునకొక గంపెడు పేడ బడికి పంపవలెను. ఇంటిదిబ్బలో సంచుల నేరు పిల్లవానిని "చదువుకొమ్మన్న పెంట కెలుకుచున్నావా" యని కసరరాదు. గాజుపెంకులు, సూదులు మాత్రము పెద్దలే తీయవలెను.