ఐదు ఫైళ్లు, ఒక ఈమెయిల్: 20 ఎంబీ కాస్తా 27 ఎలా అయింది?

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి ఆ చుట్టుపక్కల స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో మహామాయ గుడి ఉన్న రతన్‌పూర్‌లో, రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారనుకుందాం. ఆసుపత్రి ఖర్చు తిరిగి రావాలంటే సాయంత్రం ఐదులోగా కాగితాలు ఈమెయిల్‌లో పంపాలి. బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు కలిపి ఐదు స్కాన్లు. ఒక్కొక్కటి 4 ఎంబీ, మొత్తం 20. మెయిల్ పరిమితి 25 ఎంబీ అని ఆయనకు తెలుసు. ఐదూ జతచేసి పంపేశారు. ‘సెంట్’ ఫోల్డర్‌లో కనిపించింది కూడా. కాసేపటికి, మెయిల్ పరిమితి దాటిందంటూ ఇంగ్లిష్‌లో ఒక జవాబు వచ్చింది. అది చూడకపోతే కాగితాలు చేరాయనే అనుకుంటారు, గడువు దాటిపోతుంది.

20 ఎంబీ 25లో ఎందుకు పట్టలేదు?

దీనికి కారణం 1982 నాటిది. మెయిల్‌ను ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి చేరవేసే ఎస్ఎంటీపీ నియమాలు ఆ ఏడాది వచ్చాయి. అప్పట్లో మెయిల్ అంటే ఇంగ్లిష్ అక్షరాలే. ఒక్కో అక్షరానికి 7 బిట్లు, అంటే 128 గుర్తులు చాలు. ఫోటోలో గానీ పీడీఎఫ్‌లో గానీ ఒక్కో బైటు 8 బిట్లు, 256 విలువల్లో ఏదైనా కావచ్చు. దాన్ని ఉన్నదున్నట్టు పంపితే దారిలోని పాత కంప్యూటర్లు ఎనిమిదో బిట్‌ను కత్తిరించేయవచ్చు. అందుకే జనం ఫైలును ముందుగా అక్షరాల కుప్పగా మార్చి, ఉత్తరంలోనే అతికించి పంపేవారు. అందుకున్నవారు దాన్ని కత్తిరించి, వేరే ప్రోగ్రాంతో మళ్లీ ఫైలుగా మార్చుకోవాలి.

ఈ అవస్థకు 1992లో మందు దొరికింది. అమెరికాలో నెథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి ‘మైమ్’ అనే ప్రమాణాన్ని రూపొందించారు. ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫోటోను, వారు పాడిన పాటను ఒకే మెయిల్‌కు జతచేసి పంపారు. అంటే మైమ్ పద్ధతిలో వెళ్లిన తొలి మెయిల్‌లోనే ఒకటికి మించి జోడింపులున్నాయన్నమాట.

మైమ్ పాత దారిని మార్చలేదు, దానికి తగ్గట్టు సరుకును మూటగట్టింది. ఆ మూటగట్టే పద్ధతి పేరు బేస్64. పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత కలిపి మొత్తం 64 గుర్తులు. 64 గుర్తులంటే ఒక్కోదానికి 6 బిట్లు. ఫైలులోని మూడు బైట్లు, అంటే 24 బిట్లు, నాలుగు గుర్తులవుతాయి. మూడు పోసి నాలుగు కొలుచుకున్నట్టు!

మన ‘ర’ను తీసుకోండి. కంప్యూటర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో దానికి మూడు బైట్లు. ఆ 24 బిట్లను ఆరేసి చొప్పున విడగొడితే 56, 11, 2, 48 వస్తాయి. వాటి గుర్తులు వరుసగా 4, పెద్ద ఎల్, పెద్ద సి, చిన్న డబ్ల్యూ. తెలుగులో ఏ అక్షరాన్ని విడిగా మార్చినా మొదటి రెండు గుర్తులు 4, ఎల్ అనే వస్తాయి. సరదాకి ఒకసారి చేసి చూడండి.

ఇక లెక్క. మూడు నాలుగైతే సైజు 33 శాతం పెరిగినట్టు. పైగా ప్రతి 76 గుర్తులకూ ఒకసారి వరుస మార్చాలి, దానికి మరో రెండు బైట్లు. అన్నీ కలిపితే పెరుగుదల దాదాపు 37 శాతం. 20 ఎంబీ కాస్తా 27 దాటింది. ఇలా మూటగట్టాక వచ్చిన సైజునే లెక్కపెట్టే సర్వర్ అయితే, 25 ఎంబీ పరిమితిలో నిజానికి పట్టేది సుమారు 18 ఎంబీ.

మరి ఐదు ఫైళ్లు కావడం వల్ల బరువు పెరిగిందా? లేదు. రైల్వే ఊరివాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మెయిల్ ఒక రైలు, ఫైళ్లు బోగీలు. ఒక్కో బోగీ ముందు దాని రకం, పేరు, మూటగట్టిన తీరు రాసిన నాలుగైదు వరుసలుంటాయి. ఫైలుకు కొన్ని వందల బైట్లు, అంతే. బోగీకీ బోగీకీ మధ్య రెండు అడ్డగీతలతో మొదలయ్యే సరిహద్దు వరుస ఉంటుంది. బేస్64 గుర్తుల్లో అడ్డగీత లేదు కాబట్టి సరుకును చూసి సరిహద్దు అని పొరబడే అవకాశమే లేదు. ఆఖరి సరిహద్దుకు చివర మరో రెండు అడ్డగీతలు. రైలు చివరి బోగీకి తగిలించే ‘ఎల్‌వీ’ బోర్డు చేసే పనే ఇదీ: బండి పూర్తిగా వచ్చింది, మధ్యలో తెగిపోలేదు అని చెప్పడం.

ఇంకో చిక్కుంది. పరిమితి మీ సర్వర్‌కు ఒకటి, అవతలివారి సర్వర్‌కు ఇంకొకటి. మీ దగ్గర దాటిన మెయిల్ అక్కడ ఆగిపోవచ్చు. ‘సెంట్’లో కనిపించిందంటే బండి ఇక్కడ బయల్దేరిందని మాత్రమే అర్థం. గడువున్న పనుల్లో పంపాక పది, పదిహేను నిమిషాలు ఆగి ఇన్‌బాక్స్ చూసుకోవాలి.

పెద్దాయన ఇప్పుడేం చేయాలి? జిప్ చేయడం వల్ల పెద్దగా లాభం లేదు. జేపెగ్ ఫోటోలు ముందే కుదించి ఉంటాయి, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లూ చాలావరకు అంతే. అసలు పట్టు స్కానర్ దగ్గరుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 కాగితాన్ని స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల చుక్కలు. 200కు తగ్గిస్తే పొడవు, వెడల్పు రెండూ తగ్గి 39 లక్షలకు దిగుతాయి. బిల్లు మీది అంకెలు మామూలుగా చదవగలిగేలానే ఉంటాయి. ఫైలు కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గితే 20 ఎంబీ 9 అవుతుంది, మూటగట్టాక 12.

ఫైలు పేర్ల సంగతి కూడా చూసుకోవాలి. ‘బిల్లు’ అని తెలుగులో పేరు పెడితే, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొచ్చి 18 బైట్లవుతుంది. శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాల్లోకి మారితే అవి 54 గుర్తులు. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని తిరిగి ‘బిల్లు’గానే చూపిస్తుంది. పాతదైతే ఆ 54 గుర్తులనే చూపించవచ్చు. ఐదు ఫైళ్లూ అలాగే కనిపిస్తే ఏది బిల్లో ఏది మందుల చీటీయో గుమాస్తాకు తెలియదు. ఆఫీసుకు పంపేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 1, 2, 3 వేసి పేర్లు పెట్టడం మేలు. అవతల పరిమితి 10 ఎంబీయే అయితే రెండు మెయిళ్లుగా పంపి, సబ్జెక్ట్‌లో ‘రెండింటిలో మొదటిది’, ‘రెండింటిలో రెండోది’ అని రాస్తే సరిపోతుంది.