చెయ్యి తీయండి, నవ్వండి!

ఫొటో అనగానే పెదాలు బిగిస్తున్నారా? నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెడుతున్నారా? ముందు పళ్ల మధ్య సందు, విరిగిన కొస, గోధుమరంగు మచ్చ. కారణం ఏదైనా సరే, మీరు దొర్నిపాడు లాంటి ఊళ్లో ఉన్నా దారి ఉంది.

ఒక్క రూల్ గుర్తుంచుకోండి. పన్ను అరగదీయడం ఆఖరి ఆప్షన్!

వెనీర్ అంటే పంటి ముందు వైపు అతికించే పలచని పొర. పింగాణీ వెనీర్ కోసం సాధారణంగా అర మిల్లీమీటరు దాకా ఎనామిల్ (పంటి పైపొర) తీసేస్తారు. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. కాంపోజిట్ వెనీర్ అలా కాదు. ఆళ్లగడ్డ శిల్పి రాయి తీసేస్తూ రూపం తెస్తాడు. ఇక్కడ డాక్టరు చేసేది దానికి తలకిందులు, కాంపోజిట్ రెజిన్‌ను పొర మీద పొర పెడుతూ రూపం తెస్తారు. అరగదీత చాలా తక్కువ, కొన్నిసార్లు అసలే ఉండదు.

ముందు పంటికి ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పూసి కొన్ని సెకన్లలో కడిగేస్తారు. ఎనామిల్ గరుకుగా మారి రెజిన్‌ను పట్టుకుంటుంది. 1955లో మైఖేల్ బూనకోర్ చూపించిన కిటుకు ఇది. తర్వాత పంటి రంగు రెజిన్, దాని మీద నీలం లైట్. అంతే, గట్టిపడుతుంది! చాలామందికి ఒక్క సిట్టింగ్ చాలు.

ఫ్లోరైడ్ మచ్చలా? సిగ్గెందుకు? అది నీళ్ల తప్పు, మీది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ తొలిసారి బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మచ్చ ఎంత లోతుందో డాక్టరు చూసి చెబుతారు.

ఇప్పుడు మీ పని:

• ముందు క్లీనింగ్. గార పోతే అసలు వెనీరే అక్కర్లేదనిపించొచ్చు.

• పళ్లు తెల్లబరచుకోవాలంటే వెనీర్‌కి ముందే. రెజిన్ బ్లీచింగ్‌కి తెల్లబడదు. బ్లీచింగ్ తర్వాత రెండు వారాలు ఆగాలి.

• "ఎంత అరగదీస్తారు?" డాక్టరుకు మీ మొదటి ప్రశ్న ఇదే. రెండో అభిప్రాయం కావాలా? కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి.

కాంపోజిట్ వెనీర్ జీవితాంతం ఉండదు. జాగ్రత్తగా వాడితే ఐదారేళ్లు. టీ, కాఫీ మరకలు పడతాయి, పాలిష్ చేయిస్తే చాలావరకు పోతాయి. పెచ్చు ఊడితే అంతవరకే అతికించొచ్చు. గుట్కా మానే ఉద్దేశం లేదా? అయితే డబ్బు దాచుకోండి! సోడా మూతలు, చెరకు గడలు పళ్లతో లాగడం కూడా ఇక బంద్.

అసలు హోంవర్క్ వేరే ఉంది. పన్ను గంటలో మారుతుంది. అడ్డం పెట్టే చెయ్యి అంత తొందరగా మారదు. రోజూ అద్దం ముందు రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడండి, నవ్వండి, చేతులు కిందే ఉంచండి. తర్వాత కిరాణా కొట్టు దగ్గర, బస్సులో, ఆఫీసులో. అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ప్రాక్టీసు ఈ రాత్రే మొదలుపెట్టండి.