షెల్‌లో లెక్కల పట్టిక వంకర పోకుండా కొన్ని చిట్కాలు

పాల లెక్క, చీటీ డబ్బులు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్... ఇవన్నీ నేను లైనక్స్ టెర్మినల్‌లో చిన్న షెల్ స్క్రిప్ట్‌తోనే చూసుకుంటాను. నెలాఖరున ఆ పట్టిక ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అంటిస్తాం. పది మందీ చదివేది కాబట్టి అంకెల కింద అంకెలు, పేర్ల కింద పేర్లు పడాల్సిందే. అందుకు నేను వాడి చూసినవే చెబుతున్నాను. బాష్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.

1. ఎకోని పక్కన పెట్టి ప్రింట్‌ఎఫ్ అలవాటు చేసుకోండి. బ్యాక్‌స్లాష్ ఎన్ ఇస్తే బాష్‌లోని ఎకో దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, ఉబుంటులో ఎస్‌హెచ్ పేరుతో నడిచే డ్యాష్‌లోని ఎకో కొత్త లైను వేస్తుంది. ప్రింట్‌ఎఫ్‌తో ఈ పేచీ ఉండదు.

2. ప్రింట్‌ఎఫ్ తనంతట తాను కింది లైనుకి దిగదు, చివర బ్యాక్‌స్లాష్ ఎన్ మీరే వేయాలి. మర్చిపోతే ప్రాంప్ట్ వచ్చి మీ ఆఖరి లైనుకి అతుక్కుంటుంది.

3. ఫార్మాట్‌ని సింగిల్ కోట్లలోనే పెట్టండి. డాలర్ గుర్తులూ బ్యాక్‌స్లాష్‌లూ షెల్ ముట్టుకోకుండా నేరుగా ప్రింట్‌ఎఫ్ చేతికే వెళ్తాయి.

4. ఫార్మాట్ ఉండాల్సిన చోట వేరియబుల్ పెట్టొద్దు. అందులో "50% తగ్గింపు" లాంటి మాట ఉందంటే ఆ పర్సెంట్ గుర్తుని ప్రింట్‌ఎఫ్ తనకిచ్చిన పని అనుకుని తికమక పడుతుంది. ఫార్మాట్‌గా పర్సెంట్ ఎస్ ఇచ్చి, వేరియబుల్‌ని డబుల్ కోట్లలో దాని వెనక ఇవ్వండి.

5. పరీక్ష చేసేటప్పుడు పర్సెంట్ ఎస్‌కి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు తగిలించండి. పేరు చివర దాక్కున్న ఖాళీ, మధ్యలో ఎగిరిపోయిన ఖాళీ, అసలు ఏమీ లేని గడి, మూడూ ఒక్క చూపులో దొరికిపోతాయి. పని అయ్యాక బ్రాకెట్లు తీసేయడానికి అర నిమిషం పట్టదు.

6. బ్రాకెట్లకీ దొరకని చెత్త ఉంటుంది. దాన్ని క్యాట్‌కి హైఫన్ పెద్ద ఏ ఇచ్చి పట్టుకోండి: ట్యాబ్ ఉంటే కారట్ పక్కన ఐ, లైను ముగిసిన చోట డాలర్ కనిపిస్తాయి. డాలర్‌కి ముందు కారట్ ఎమ్ ఉందంటే ఆ ఫైలు విండోస్ నుంచి వచ్చిందన్నమాట, లైను మొదటికెళ్లి దాని మీదే రాసుకుపోవడానికి కారణం అదే. తెలుగు అక్షరాలు మాత్రం ఇందులో ఏవో పిచ్చి గుర్తుల్లా కనబడతాయి, కంగారు పడకండి, ఫైలు బాగానే ఉంది.

7. ఇక మన తెలుగు పేర్ల సంగతి. ఇది మీకు బయట ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బాష్‌లో పర్సెంట్ ఎస్‌కి ఇచ్చే వెడల్పు బైట్ల లెక్క, అక్షరాల లెక్క కాదు. "అమ్మ" చూడ్డానికి రెండక్షరాలే. లోపల మాత్రం అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు, ఒక్కోటి 3 బైట్లు, వెరసి 12. వెడల్పు 12 ఇచ్చారనుకోండి, "అమ్మ" తర్వాత ఒక్క ఖాళీ కూడా మిగలదు. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 4 బైట్లే కాబట్టి 8 ఖాళీలు వస్తాయి. అనుమానం ఉంటే ఆ పేరుని, చివర బ్యాక్‌స్లాష్ ఎన్ లేకుండా, ప్రింట్‌ఎఫ్‌తో డబ్ల్యూసీలోకి పంపి హైఫన్ సీ ఒకసారి, హైఫన్ ఎమ్ ఒకసారి ఇచ్చి చూడండి: 12, 4 అని వస్తాయి.

8. దీనికి నా మందు చాలా తేలిక: ఫ్లాట్ నంబరు, డబ్బు ముందు గడుల్లో, తెలుగు పేరు ఆఖరి గడిలో. చివరి గడికి వెడల్పే అక్కర్లేదు, పట్టిక బారు తీరి నిలబడుతుంది.

9. పొడుగు పేరుని పాయింట్ పెట్టి కత్తిరించే పద్ధతి ఇంగ్లీషుకి బాగుంటుంది, తెలుగుకి వద్దు. బాష్‌లో పాయింట్ 5 ఎస్ అంటే 5 బైట్ల దగ్గర తెగుతుంది, "అమ్మ"లో మొదటి మ సగంలో విరిగి ప్రశ్న గుర్తు డబ్బా కనిపిస్తుంది.

10. డబ్బుకి పర్సెంట్ 8 పాయింట్ 2 ఎఫ్ వాడండి. 99999.99 దాకా పైసల చుక్కలన్నీ ఒకే గీతలో ఉంటాయి.

11. ముందు సున్నా ఉన్న అంకెలతో జాగ్రత్త. పర్సెంట్ డీకి 08 ఇస్తే బాష్ తప్పు అని అరుస్తుంది, అది మేలు. 010 ఇస్తే మాత్రం నోరెత్తకుండా 8 అని రాస్తుంది, ఎందుకంటే ముందు సున్నా ఉంటే ఎనిమిదుల లెక్క అనుకుంటుంది. నెలలు, ఫ్లాట్ నంబర్లు పర్సెంట్ ఎస్‌తోనే అచ్చు వేయండి.

12. పర్సెంట్ పాయింట్ సున్నా ఎఫ్‌కి 2.5 ఇస్తే 2, 3.5 ఇస్తే 4 వస్తాయి. సరిగ్గా సగం ఉంటే అది సరి సంఖ్య వైపు వెళ్తుంది. కాబట్టి పంపకాల లెక్క పైసల్లో పూర్ణాంకాలుగా చేసుకుని, రూపాయల్లోకి చివర్లో మార్చండి.

13. పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఉండి, వాళ్ల ల్యాప్‌టాప్ ఆ దేశపు లొకేల్‌లో ఉంటే అచ్చులో పైసల చుక్క బదులు కామా పడుతుంది. కమాండ్ ముందు ఎల్‌సీ ఆల్ ఈక్వల్ సీ అని పెట్టమనండి, ఎక్కడున్నా చుక్క చుక్కే.

14. గీత కోసం ప్రింట్‌ఎఫ్‌కి వరసగా హైఫన్లు ఇస్తే బాష్ వాటిని ఆప్షన్ అనుకుని తిప్పికొడుతుంది. గీతని కూడా పర్సెంట్ ఎస్ వెనకే పంపండి.

15. ఒక్క ఫార్మాట్ ఇచ్చి వెనక పది విలువలు ఇస్తే ప్రింట్‌ఎఫ్ అవి అయిపోయేదాకా అదే ఫార్మాట్ తిప్పి తిప్పి వాడుతుంది, లూప్ రాసే పని తప్పుతుంది. కానీ మధ్యలో ఒక్క విలువ తగ్గితే అక్కణ్ణుంచి వరసంతా పక్కకి జరిగి, ఒకరి బాకీ ఇంకొకరి పేరు మీద పడుతుంది. అందుకే పరీక్షలో కావాలనే ఒకటి తగ్గించి, ఆ తేడా ఎలా కనిపిస్తుందో ముందే చూసి పెట్టుకోండి.

16. అన్నిటికన్నా ఎక్కువ టైము మిగిల్చేది ఇదే. పట్టిక సరిగ్గా వచ్చిన రోజు దాన్ని ఒక ఫైలులో దాచేయండి. స్క్రిప్ట్ ముట్టుకున్న ప్రతిసారీ పాత విలువలతోనే నడిపి, కొత్త పట్టికని దాచిన దానితో డిఫ్ హైఫన్ యూ పెట్టి పోల్చండి. ఏమీ చెప్పలేదంటే రెండూ ఒకటే, ఒక్క ఖాళీ తేడా వచ్చినా ఆ లైను తీసి చూపిస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు కళ్లు పొడుచుకునే పని ఉండదు.

17. పట్టిక మీద తేదీ ఉంటే డిఫ్ రోజూ తేడా చూపిస్తుంది. తేదీని స్క్రిప్ట్ లోపల పుట్టించకుండా బయటి నుంచి ఇవ్వండి, పరీక్షకి ఎప్పుడూ ఒకే తేదీ ఇవ్వవచ్చు.

18. డాలర్ బ్రాకెట్‌తో అవుట్‌పుట్‌ని వేరియబుల్‌లోకి పట్టుకుంటే చివరి ఖాళీ లైన్లన్నీ రాలిపోతాయి. లైన్ల లెక్క ముఖ్యమైతే ఫైలులోకే పంపండి.

19. రంగులు వేస్తుంటే, అవుట్‌పుట్ టెర్మినల్‌కే వెళ్తోందో లేదో హైఫన్ టీ 1 తో అడిగి వేయండి. లేకపోతే ప్రింట్ కాగితం మీద రంగు కోడ్‌లే పడతాయి.

20. పరీక్షకి మంచి పేర్లే పెట్టుకుంటే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఖాళీ పేరు, బాగా పొడుగు పేరు, హైఫన్‌తో మొదలయ్యే పేరు, పర్సెంట్ ఉన్న పేరు, తెలుగు పేరు, సున్నా బాకీ, మైనస్ బాకీ, ఇవన్నీ ఉన్న చిన్న ఫైలు ఒకటి పక్కన ఉంచుకోండి. ఈ నెల లెక్క అంటించే ముందు మీ స్క్రిప్ట్‌ని ఒకసారి దాని మీద నడిపి చూడండి.